బీపీ ‘సర్వీసు వల్ల వచ్చింది కాదు’ అని కొట్టేశారు, మూడేళ్ళు దాటాక అప్పీలు చేయవచ్చా?

ప్రశ్న: ఆర్టిలరీలో 24 ఏళ్ళు చేసి 2022 ఆగస్టు 31న హవల్దార్‌గా రిటైరయ్యాను. మాది గిద్దలూరు వైపు. రిటైరయ్యే ముందు జరిగే రిలీజ్ మెడికల్ బోర్డులో రెండు రాశారు. బీపీ 30 శాతం, జీవితాంతం, కానీ సర్వీసుతో సంబంధం లేదట. కుడి మోకాలు యూనిట్ వాలీబాల్ మ్యాచ్‌లో దెబ్బతింది. అది సర్వీసు వల్లేనని ఒప్పుకున్నారు గానీ 11–14 శాతమే వేశారు. పింఛనుకు పనికొచ్చే డిసేబిలిటీ 20 శాతం లోపే ఉందని నవంబరులో రికార్డ్స్ ఆఫీసు నుంచి తిరస్కరణ ఉత్తరం వచ్చింది. ఆరు నెలల్లో అప్పీలు చేసుకోవచ్చని అందులో ఉన్నా, అమ్మాయి పెళ్ళి హడావుడిలో పడి పట్టించుకోలేదు. మూడేళ్ళు దాటిపోయింది. 2013 నుంచి 2015 అక్టోబరు దాకా లేహ్ దగ్గర హై ఆల్టిట్యూడ్‌లో ఉన్నాను. 2016 ఫిబ్రవరిలో నాసిక్‌లో బీపీ బయటపడింది. మా బ్యాచ్ అతనికి ఇదే జబ్బుకి 50 శాతం ఇచ్చారు. ఒకాయన బకాయిల్లో 25 శాతం ఇస్తే ఢిల్లీలో పని చేయించుకొస్తానంటున్నాడు. నేనేం చేయాలి?

సమాధానం: చేయవచ్చు. ఆలస్యమైనందుకు కేసు పోదు, పాత బకాయిలు పోతాయి. ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు దేని మీద కొట్లాడాలో తేల్చుకోవాలి, ఎందుకంటే మీ బోర్డు కాగితంలో ఉన్నవి రెండు వేర్వేరు తగాదాలు.

సర్వీసు పూర్తి చేసుకుని వచ్చినవాళ్ళకి డిసేబిలిటీ ఎలిమెంట్ (మామూలు పింఛనుకు తోడు వైకల్యానికి నెలనెలా ఇచ్చే మొత్తం) రావాలంటే రెండూ కుదరాలి. జబ్బుగానీ గాయంగానీ సైనిక సేవ వల్ల వచ్చి ఉండాలి, లేదా సేవ వల్ల ముదిరి ఉండాలి. దాని తీవ్రత 20 శాతమో అంతకు మించో ఉండాలి. మీ బీపీ శాతంలో నెగ్గి సంబంధం దగ్గర ఓడింది. మోకాలు సంబంధంలో నెగ్గి శాతం దగ్గర ఓడింది. అలా ఒక్కోటీ ఒక్కో కాలు మీద కుంటి, మొత్తానికి చేతికి ఏమీ రాకుండా పోయింది.

రెండింటి మీదా ఒకే బలంతో పోరాడాలని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూడండి. కేంద్ర ప్రభుత్వం 2001 జనవరి 31న ఇచ్చిన ఉత్తరం ప్రకారం 50 లోపు శాతాన్ని 50గా, 50 నుంచి 75 దాకా ఉన్నదాన్ని 75గా, 76 నుంచి పైన ఉన్నదాన్ని 100గా లెక్కిస్తారు. దీన్నే బ్రాడ్ బ్యాండింగ్ అనీ, మనవాళ్ళు రౌండింగ్ అనీ అంటారు. మొదట్లో జబ్బు వల్ల మధ్యలో ఇంటికి పంపినవాళ్ళకే దీన్ని ఇచ్చేవారు. రామ్ అవతార్ కేసులో 2014 డిసెంబరు 10న సుప్రీంకోర్టు, సర్వీసు పూర్తి చేసినవాళ్ళకీ వర్తిస్తుందని తేల్చింది. కాబట్టి బీపీ ఒక్కటే గెలిచినా మీ 30 శాతం 50 అవుతుంది. మోకాలు కూడా కలిపి ఉమ్మడి శాతం 40కి చేరినా వచ్చేది ఆ 50 శాతమే. (రెండు శాతాలనూ నేరుగా కూడరు, బోర్డు ఉమ్మడిగా ఒక అంకె వేస్తుంది.) అంటే బీపీ గెలిస్తే మోకాలు వల్ల రూపాయి కూడా పెరగదు. బీపీ ఓడితేనే మోకాలు అక్కరకొస్తుంది. కాబట్టి మీ బలమంతా బీపీ మీద పెట్టండి, మోకాలిని రెండో దారిగా ఉంచుకోండి.

డబ్బు ఎంతో కూడా చూసుకోండి. 100 శాతం డిసేబిలిటీకి చివరి జీతంలో 30 శాతం ఇస్తారు. ఇక్కడ జీతమంటే బేసిక్, మిలిటరీ సర్వీస్ పే, ఉంటే క్లాసిఫికేషన్ అలవెన్సు. ఇవన్నీ కలిపి మీకు 45,000 అనుకుంటే, 100 శాతానికి 13,500. అందులో 50 శాతం నెలకు 6,750, దాని మీద డీఏ అదనం. రౌండింగ్ లేకుండా 30 శాతమే ఇస్తే వచ్చేది 4,050. నెలకు 2,700 తేడా. మంజూరు అయిందన్న సంతోషంలో ఈ తేడాను చూడనివాళ్ళు ఉన్నారు, అందుకే ముందే చెబుతున్నాం.

ముందు కాగితాలు

తిరస్కరణ ఉత్తరం ఒక్కటీ చేతిలో పట్టుకుని అప్పీలు రాయకండి. అందులో ఫలితం ఉంటుంది గానీ కారణం ఉండదు. కారణం ఉండేది మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్‌లో, అంటే ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 ఫారంలో. మీ దగ్గర చివరి పేజీ జిరాక్సు మాత్రమే ఉంటే సరిపోదు, అన్ని పేజీలూ కావాలి. దాంతోపాటు భర్తీ అయినప్పటి వైద్య పరీక్ష కాగితం, 2016 నుంచి రిటైరయ్యేదాకా మీ మెడికల్ కేటగిరీ తేల్చడానికి జరిగిన కేటగిరీ బోర్డులన్నీ, అవి ఏఎఫ్ఎంఎస్ఎఫ్-15 ఫారాల్లో ఉంటాయి, ప్రతి బోర్డుకీ జత చేసిన మెడికల్ స్పెషలిస్టు అభిప్రాయం, 2013 నుంచి 2016 దాకా ఏటా జరిగిన వైద్య పరీక్షల్లో రాసిన బీపీ అంకెలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎక్కడ పనిచేశారో, అది ఫీల్డో (సరిహద్దు, ఆపరేషన్ల ప్రాంతం) పీసో (మామూలు స్టేషన్) చూపించే పోస్టింగుల పట్టిక.

వీటికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. నాసిక్ రోడ్డులోని ఆర్టిలరీ రికార్డ్స్‌లో ఉండే కేంద్ర ప్రజా సమాచార అధికారికి, పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి, ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, రిటైరైన తేదీ, గుర్తింపు కార్డు నకలుతో పంపాలి. (ఈఎంఈ, ఏఓసీ విభాగాల్లో చేసినవాళ్ళకి రికార్డ్స్ సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి, అయినా నేరుగా వెళ్ళి అడగడం కన్నా రాసి అడగడమే నయం, తేదీ మిగులుతుంది.) ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ‘నాకు పింఛను ఎందుకు ఇవ్వలేదు?’ అని అడుగుతారు. ఎందుకు అన్న ప్రశ్న సమాచారం కిందికి రాదని ఒక్క ముక్కలో తిప్పి పంపేస్తారు. ‘ఫలానా ఫారం, ఫలానా సంవత్సరానిది, ధ్రువీకరించిన నకలు ఇవ్వండి’ అని మాత్రమే అడగండి. మీ సొంత వైద్య రికార్డును వ్యక్తిగత సమాచారం పేరుతో మీకే ఇవ్వబోమనడం చెల్లదు. అలా అన్నా, నెల దాటినా, అదే చట్టం కింద మొదటి అప్పీలు వేయండి.

బోర్డు కాగితాన్ని ఎలా చదవాలి

ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16లో నాలుగు చోట్ల పెన్సిలుతో గీత పెట్టండి.

ఒకటి, మొదటి భాగంలో మీరు సంతకం పెట్టిన స్టేట్‌మెంట్. సర్వీసులో చేరకముందు ఈ జబ్బు ఉండేదా అన్న ప్రశ్నకి ఏమని రాశారు? మీరు పనిచేసిన ఊళ్ళ జాబితాలో లేహ్ తేదీలు సరిగా ఎక్కాయా? గుమాస్తా నింపిన ఫారం మీద తొందరలో సంతకం పెట్టినవాళ్ళకి ఇక్కడే దెబ్బ తగులుతుంది. ఒక ఫీల్డ్ పోస్టింగ్ మొత్తం ఎగిరిపోయి ఉండవచ్చు.

రెండు, జబ్బు మొదలైన తేదీ, స్థలం. మీది ‘ఫిబ్రవరి 2016, నాసిక్’ అని ఉంటుంది.

మూడు, మీ కమాండింగ్ ఆఫీసర్ నింపిన భాగం.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యమైనది, బోర్డు అభిప్రాయం. ప్రతి జబ్బుకీ ఎదురుగా సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసు వల్ల ముదిరిందా, అవునా కాదా అని గడులుంటాయి. పక్కన కారణం రాసే చోటు ఉంటుంది. బీపీ కేసుల్లో అక్కడ కనిపించేది దాదాపు ఒకే వాక్యం: పీస్ స్టేషన్‌లో మొదలైంది, ఫీల్డ్, హై ఆల్టిట్యూడ్, కౌంటర్ ఇన్సర్జెన్సీ డ్యూటీల ఒత్తిడితో దగ్గరి కాల సంబంధం లేదు, మెడికల్ ఆఫీసర్ల గైడ్ 2002, 2008 సవరణ, ఆరో అధ్యాయం 43వ పేరా చూడండి. రబ్బరు స్టాంపులాంటి వాక్యం ఇది. ఈ జబ్బు మరి దేనివల్ల వచ్చిందో ఇందులో ఉండదు. మీ లేహ్ తేదీలను చూసినట్టు కూడా ఉండదు. మీ అప్పీలు మొత్తం ఈ ఒక్క వాక్యానికి జవాబు.

అదే కాగితంలో మీకు ఎదురు తిరిగేవి ఏమున్నాయో కూడా చూసుకోండి. బరువు ఆ వయసుకీ ఎత్తుకీ ఉండాల్సిన దానికన్నా ఎక్కువని రాశారా? పొగ, మందు అలవాటు గురించి ఏముంది? తల్లిదండ్రులకి బీపీ ఉందని మీరే చెప్పారా? ఇవి ఉంటే కేసు పోయినట్టు కాదు, కానీ అవతలివాళ్ళు ఎత్తి చూపేది వీటినే. 2016 ముందు బరువు సరిగ్గానే ఉండి, మందులు మొదలయ్యాక పెరిగి ఉంటే ఏటా పరీక్షల కాగితాలే ఆ మాట చెబుతాయి.

చట్టం ఎటు ఉంది

ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013 జులైలో సుప్రీంకోర్టు చెప్పిన మాటలు ఈ తగాదాలకి పునాది. భర్తీ అయినప్పుడు కాగితాల్లో ఏ జబ్బూ రాయకపోతే ఆరోగ్యంగానే చేరినట్టు భావించాలి. తర్వాత వైద్య కారణాల మీద పంపించేస్తే ఆ క్షీణత సర్వీసు వల్లే అనుకోవాలి. నిరూపించే భారం సైనికుడిది కాదు. అనుమానం ఉంటే లాభం అతనికే. కాదని బోర్డు అంటే కారణాలు రాయాలి. ఆ కేసు మూర్ఛ వ్యాధిది; కారణం రాయకపోవడం వల్లే బోర్డు అభిప్రాయం నిలవలేదు.

అయితే ఈ తీర్పు పేరు రాసినంత మాత్రాన పింఛను వచ్చేయదు. ఆ కేసు డిసేబిలిటీ పింఛనుకు ఎవరు అర్హులో చెప్పే 1982 నాటి నిబంధనల మీద నడిచింది. మీకు వర్తించేవి 2008 నిబంధనలు, వాటిలో ఆ పాత భావన లేదని ప్రభుత్వ వకీళ్ళు వాదిస్తారు. 2019లో నర్సింగ్ యాదవ్ అనే స్కిజోఫ్రెనియా కేసులో సుప్రీంకోర్టు కూడా, చేరినప్పుడు కనపడలేదన్న ఒక్క కారణంతో యాంత్రికంగా పింఛను ఇవ్వడం కుదరదంది. మరోపక్క 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు గవాస్ అనిల్ మద్‌సో కేసులో, 2008 నిబంధనల కింద కూడా బోర్డు కారణం చూపించాల్సిందేనని, పీస్ స్టేషన్‌లో బయటపడిందనడం చాలదని చెప్పింది. అది షుగరు కేసు, బీపీది కాదు. వాదన మాత్రం మీకు అచ్చంగా సరిపోతుంది.

2008 నిబంధనల్లో ఇంకో మెలిక ఉంది. మామూలుగా నిరూపణ భారం మీ మీద ఉండదు. కానీ రిటైరైన 15 ఏళ్ళ తర్వాత, సర్వీసు కాగితాలు గడువు తీరి ధ్వంసమయ్యాక క్లెయిము పెడితే భారం మీ మీదికి వస్తుంది. మీకు ఆ ఇబ్బంది ఇంకా లేదు. చదివేవాళ్ళలో 2008లోనో 2010లోనో వచ్చేసి ‘చూద్దాంలే’ అనుకుంటున్నవాళ్ళుంటే, అప్పీలు సంగతి తర్వాత, కాగితాల కోసం ఇవాళే రాయండి.

2023 సెప్టెంబరు 21 నుంచి సర్వీసు వదిలినవాళ్ళకి వేరే నిబంధనలు వచ్చాయి. కొన్ని చెల్లింపుల పేర్లు, షరతులు మారాయి. ఇక్కడ చెప్పిన పేరాల నంబర్లు వాళ్ళు ఎత్తి రాసుకోకూడదు.

మొదటి అప్పీలులో ఏం రాయాలి

రెండు మూడు పేజీలు చాలు, ఇంగ్లీషులోగానీ హిందీలోగానీ. పైన ‘అప్పిలేట్ కమిటీ ఆన్ ఫస్ట్ అప్పీల్స్’ అని పెట్టి, మీ రికార్డ్స్ ఆఫీసు ద్వారా పంపాలి. తిరస్కరణ ఉత్తరం నంబరు, తేదీ మొదటి వరుసలోనే ఉండాలి. తర్వాత ఈ వరుసలో నడిపించండి.

చేరినప్పుడు బీపీ ఎంత ఉందో, ఆ కాగితంలో జబ్బు ఏదీ లేదని, జతచేసిన పేజీ నంబరుతో చెప్పండి. తర్వాత తేదీలు. మీ కేసులో బలమంతా ఇక్కడుంది: 2015 అక్టోబరులో కొండ దిగారు, 2016 ఫిబ్రవరిలో బీపీ దొరికింది. నడుమ నాలుగు నెలలే. బీపీ లక్షణం చూపించకుండా లోపల పెరిగే జబ్బు. దొరికిన రోజు, మొదలైన రోజు ఒకటి కావు. ‘దగ్గరి కాల సంబంధం లేదు’ అన్న బోర్డు మాటకి ఈ నాలుగు నెలలే జవాబు. లేహ్‌లో ఉన్నప్పటి పరీక్షల్లోనే అంకె 136/88, 138/90 అలా పైకి జరుగుతూ కనిపిస్తే ఆ పేజీని ముందు పెట్టండి. అప్పుడు అంకె మామూలుగా ఉంటే దాచకండి. మామూలుగా ఎక్కిన మనిషి దిగాక నాలుగు నెలలకి బీపీతో తేలాడని అదీ మీకే ఉపయోగపడుతుంది. ఇదే బీపీ మీకు 2019లో, నాలుగేళ్ళ పీస్ పోస్టింగ్ తర్వాత తేలి ఉంటే ఇంత ధైర్యంగా చెప్పేవాళ్ళం కాదు.

మూడోది, బోర్డు వేరే ఏ కారణమూ చూపించలేదని. ఇలా రాయవచ్చు: ‘బోర్డు అభిప్రాయంలో వ్యాధి పీస్ స్టేషన్‌లో మొదలైందని మాత్రమే ఉంది. దానికి సర్వీసుతో సంబంధం లేని కారణం ఏమిటో రాయలేదు. 2013 నుంచి 2015 అక్టోబరు వరకు నా హై ఆల్టిట్యూడ్ సేవను పరిశీలించినట్టు ఎక్కడా లేదు. కాబట్టి కనీసం సర్వీసు వల్ల ముదిరినట్టయినా గుర్తించాలి.’ ఈ చివరి వాక్యాన్ని వదలొద్దు. సర్వీసు వల్ల వచ్చిందని ఒప్పుకోకపోయినా, ముదిరిందని ఒప్పుకుంటే చాలు, పింఛనులో తేడా ఉండదు. ముదిరిందనడానికి వాళ్ళకీ సులువు.

చివర్లో కోరిక స్పష్టంగా: 30 శాతం డిసేబిలిటీ, 50కి రౌండింగ్, జీవితాంతం, 2022 సెప్టెంబరు 1 నుంచి బకాయిలతో.

ఏం రాయకూడదంటే, 24 ఏళ్ళ త్యాగం, పిల్లల చదువులు, అప్పులు. అవి నిజమే, చదివేవాళ్ళకి వాటితో పనిలేదు. మీ బ్యాచ్ అతని సంగతీ అంతే. అతనికి జబ్బు ఫీల్డ్‌లో ఉండగా దొరికి ఉండవచ్చు, లేదా సైనికుల కేసులు చూసే సాయుధ దళాల ట్రిబ్యునల్ తీర్పుతో పింఛను వచ్చి ఉండవచ్చు. మంజూరు ఉత్తరం నకలు పెడితే ఉపయోగం లేదు. ట్రిబ్యునల్ తీర్పు ఉండి, అందులో పోస్టింగులు, తేదీలు మీవాటిని పోలి ఉంటే ఆ తీర్పు నకలు జతచేయండి.

ఆలస్యం గురించి

ఆరు నెలల గడువు దాటింది కాబట్టి, ఆలస్యాన్ని మన్నించమని అదే అప్పీలులో ఒక పేరా పెట్టాలి. లేని జబ్బునో ప్రమాదాన్నో కల్పించకండి. కుటుంబ బాధ్యతలు, బోర్డు కాగితాలు చేతిలో లేకపోవడం, ఇప్పుడు తెప్పించుకున్న తేదీ, ఉన్నదున్నట్టు రాయండి. పింఛను నెలనెలా వచ్చే హక్కు కాబట్టి ప్రతి నెలా కొత్తగా నష్టం జరుగుతోందని చేర్చండి. తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఒప్పుకున్నది ఇదే. అతను 1983లో ఇంటికొచ్చి 1999లో కోర్టుకెళ్ళాడు, అదీ డిసేబిలిటీ పింఛను కోసమే. పింఛను దక్కింది గానీ, బకాయిలు కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్ళకే ఇవ్వమన్నారు.

మీకు దీని అర్థమేమిటంటే, ఆలస్యమైన కేసుల్లో ఈ మూడేళ్ళ కత్తెర మీ మీదా పడవచ్చు. మీరు రిటైరై మూడేళ్ళు దాటింది కాబట్టి, ఇకపై మీరు కూర్చున్న ప్రతి నెలకీ వెనకనుంచి ఒక నెల బకాయి రాలిపోయే ప్రమాదం ఉంది. పై లెక్కన అది 6,750, డీఏతో కలిపి ఇంకా ఎక్కువ. సమాచార హక్కు జవాబు కోసం రెండు మూడు నెలలు ఆగడం తప్పదు. అంతకుమించి ఆగొద్దు.

‘గడువు దాటింది’ అని అప్పీలు తిప్పి పంపినా దిగులు పడకండి. ఆ ఉత్తరం దాచండి. ట్రిబ్యునల్ ముందు, లోపల ఉన్న దారి ప్రయత్నించామని చూపించేది అదే.

పంపాక

స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు చూపించే ట్రాకింగ్ పేజీని ఆ వారంలోనే ప్రింటు తీసుకోండి. తర్వాత వెబ్‌సైటులో ఆ వివరం మాయమవుతుంది. అప్పీలుని ప్రయాగ్‌రాజ్ పింఛను ఆఫీసుకి పంపడం, సైనిక పింఛన్ల వెబ్‌సైటు స్పర్శ్‌లో గ్రీవెన్సుగా (ఫిర్యాదుగా) పెట్టడం, ప్రధానమంత్రి ఆఫీసుకి రాయడం, ఇవేవీ అప్పీలు కింద లెక్కకి రావు. పింఛను ఆఫీసు చేతిలో మెడికల్ అభిప్రాయం మార్చే అధికారం లేదు. గ్రీవెన్సు ‘పరిష్కరించబడింది’ అని మూసేస్తారు, మీ నెలలు కరిగిపోతాయి.

మొదటి అప్పీలు కాదంటే ఆరు నెలల్లో రెండో అప్పీలు, ‘సెకండ్ అప్పిలేట్ కమిటీ ఆన్ పెన్షన్’కి. మొదటిదాన్నే మళ్ళీ టైపు చేసి పంపకండి. వాళ్ళు తిరస్కరణలో కొత్తగా ఏదైనా అంటే, ఉదాహరణకి బరువు గురించి, దానికి జవాబు ఉండాలి. అప్పీలు వేసిన ఆరు నెలల దాకా ఉలుకూ పలుకూ లేకపోతే, సాయుధ దళాల ట్రిబ్యునల్ చట్టం 2007లోని 21వ సెక్షన్ ప్రకారం లోపలి దారి అయిపోయినట్టే లెక్క; నేరుగా ట్రిబ్యునల్‌కి వెళ్ళవచ్చు. తుది జవాబు వస్తే, 22వ సెక్షన్ ప్రకారం ఆ తేదీ నుంచి ఆరు నెలల్లో వేయాలి. దాటితే ఆలస్యం మన్నించమని విడిగా అర్జీ పెట్టాలి.

మోకాలు సంగతి

సర్వీసు వల్లే అని ఒప్పుకున్నదాన్ని మళ్ళీ కెలకకండి. మీకు కావలసింది శాతం పెరగడమే. 20 లోపు ఉంటే, సర్వీసు పూర్తి చేసినవాళ్ళకి డిసేబిలిటీ ఎలిమెంట్ రాదని వింగ్ కమాండర్ ఎస్.పి. రాథోర్ కేసులో 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 20 లోపు ఉన్నా ఇచ్చిన సుఖ్వీందర్ సింగ్ తీర్పు ఉందని ఎవరైనా చెప్పవచ్చు. అది జబ్బు వల్ల మధ్యలో పంపించేసినవాళ్ళ గురించి. మీకు పనికిరాదు.

రిటైరయ్యాక మోకాలు నిజంగా ముదిరి ఉంటే, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ ద్వారా ఎమ్మారై తీయించి, ఆర్థోపెడిక్ డాక్టరుతో మోకాలు ఎన్ని డిగ్రీల దాకా వంగుతోంది, తొడ కండరం ఎడమ కాలితో పోలిస్తే ఎన్ని సెంటీమీటర్లు తగ్గింది, మోకాలు పక్కకి జారుతోందా అన్నవి రాయించుకోండి. ‘నొప్పి ఉంది’ అన్న చీటీ మీద ఏ బోర్డూ శాతం పెంచదు. వీటితో మళ్ళీ మెడికల్ బోర్డు పెట్టమని కోరవచ్చు. కానీ అర్జీలో మోకాలు మాత్రమే రాయండి. బోర్డు ముందుకెళ్తే శాతం పెరగనూ వచ్చు, తగ్గనూ వచ్చు. బీపీకి జీవితాంతం అని వేసిన 30 శాతం మీ చేతిలో ఉన్న ఆస్తి. మందులతో ఇవాళ అంకె 130/80 ఉందని కొత్త బోర్డు దాన్ని తగ్గించే అవకాశం మీరే ఇవ్వొద్దు.

ట్రిబ్యునల్, వకీలు, ఆ పాతిక శాతం మనిషి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్ళకి చెన్నై బెంచి. రిటైరైనవాళ్ళు తాము ఉంటున్న చోటికి వర్తించే బెంచిలోనే వేసుకోవచ్చు కాబట్టి ఢిల్లీ వెళ్ళక్కర్లేదు, ఢిల్లీలో ‘పని చేయించే’ మనిషితోనూ అవసరం లేదు. స్వయంగా వాదించుకునే హక్కుంది గానీ, ట్రిబ్యునల్ దగ్గర మాత్రం వకీలుని పెట్టుకోవడమే మంచిదని మా అభిప్రాయం. అప్పీళ్ళ వరకు మీరే చేసుకోవచ్చు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అప్పీలు టైపు చేయించడానికి, కాగితాలు సరిచూసుకోవడానికి సాయం అడగండి.

గెలిచిన సొమ్ములో వాటా మాట్లాడుకోవడం వకీళ్ళకి బార్ కౌన్సిల్ నియమాలే నిషేధించాయి. వకీలు కానివాడు అడిగితే అది ఉత్త దళారీతనం. ఫీజు ఇంత అని మాట్లాడుకుని రసీదు తీసుకోండి. స్పర్శ్ పాస్‌వర్డు, ఫోనుకొచ్చే ఓటీపీ, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఎవరికీ ఇవ్వకండి. బకాయిలు పడిన రోజునే వాటా లాక్కోవడానికి అడిగేది వాటినే.

ట్రిబ్యునల్ అర్జీలో కూడా కోరికలు విడివిడిగా ఉండాలి: తిరస్కరణ రద్దు, బీపీ సర్వీసు వల్ల ముదిరినట్టు ప్రకటన, 30 శాతం, 50కి రౌండింగ్, జీవితాంతం, బకాయిలు, గడువులో చెల్లించకపోతే వడ్డీ. అడగనిదాన్ని ఇవ్వలేదని తర్వాత బాధపడి లాభం లేదు. గెలిచాక ప్రభుత్వం హైకోర్టుకి వెళ్ళవచ్చు. ట్రిబ్యునల్ తీర్పుల మీద హైకోర్టు రిట్ అధికారం నిలిచే ఉందని 2023 మార్చిలో పరషోత్తమ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పై కోర్టులో కేసు వేసినంత మాత్రాన తీర్పు ఆగదు. స్టే లేకుండా గడువు దాటితే అమలు కోసం అదే ట్రిబ్యునల్‌లో అర్జీ వేయించండి.

సవరించిన పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) స్పర్శ్‌లో కనిపించగానే నాలుగు గడులు చూడండి. శాతం దగ్గర 50 ఉండాలి, 30 కాదు. కాలం దగ్గర ‘జీవితాంతం’ అని ఉండాలి. మొదలయ్యే తేదీ తీర్పులో ఉన్న తేదీయే కావాలి. లెక్కకు తీసుకున్న జీతంలో మిలిటరీ సర్వీస్ పే కలిసిందో లేదో చివరి జీతం స్లిప్పుతో పోల్చుకోండి. ఏది తప్పినా మళ్ళీ అప్పీలు అక్కర్లేదు. ఈసారి మాత్రం స్పర్శ్ గ్రీవెన్సు సరైన దారి, తీర్పు నకలు జతచేసి పెట్టండి.